కాకా నాకిచ్చిన కుర్చీ

మా ఆఫీసు ముందు గేటుకు ఒక అడ్డకర్ర ఉంది. కారు వస్తే లేస్తుంది, బైక్ వస్తే కొంచెం ఆలోచించి లేస్తుంది, సైకిల్ వస్తే లేవదు. దాని లెక్కలో సైకిల్ వాహనమే కాదు. సైకిల్ మీద వచ్చిన మొదటి రోజు దాని ముందు నిలబడి రెండుసార్లు బెల్లు కొట్టాను. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినవాడు ఒక యంత్రాన్ని బెల్లు కొట్టి బతిమాలడం చూసి గార్డుకే సిగ్గేసినట్టుంది. "అన్నా, సైకిళ్లు ఎనక గేటు కాడ" అన్నాడు, చావింట్లో పలకరించే గొంతుతో.

అలా నేను వెనక గేటు మనిషినయ్యాను.

అప్పటికి నా ఉద్యోగానికి మూడో ఏడు నడుస్తోంది. కాజీపేట నుంచి మడికొండ ఐటీ పార్కు దాకా అన్నాళ్లూ ఒక స్నేహితుడి బండి వెనక సీటు మీద వచ్చాను. అతను హైదరాబాద్‌కు మారిపోయాడు, సీటు కూడా అతనితోనే పోయింది. నాకు బండి నడపడం రాదు. రెండుసార్లు నేర్చుకున్నాను. రెండుసార్లూ ఆ చదువు మా రైల్వే కాలనీలో వేర్వేరు ఇళ్ల గేట్ల దగ్గర ముగిసింది. మా నాన్న ముప్ఫై ఏళ్లు రైలు పట్టాలు చూసుకున్న మనిషి. రెండో గేటు బాగు చేయించి వచ్చి, "నీకు పట్టాలుంటెనే నయంరా. హ్యాండిల్ తిప్పే బాధ ఉండది" అన్నాడు. ఆ మర్నాడు తన డ్యూటీ సైకిల్ దులిపి నా చేతికిచ్చాడు.

నల్లటి, ఎత్తైన, పంచాయతీ పెద్దలా గంభీరమైన సైకిల్ అది. పట్టాల మీద కొట్టే పొడవాటి సుత్తె పెట్టుకోవడానికి మా నాన్న దానికి ఒక ఇనప కొక్కెం వెల్డింగ్ చేయించుకున్నాడు. నేను ఆ కొక్కేనికి లాప్‌టాప్ బ్యాగు తగిలించాను. సుత్తె మీద ఉన్న గౌరవం బ్యాగు మీద ఆ కొక్కేనికి ఎప్పుడూ లేదు; గుంత వచ్చిన ప్రతిసారీ విసిరికొట్టేది.

సరదాకు సైకిల్ తొక్కేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల సంగతి నాకు తెలుసు. మా ఆఫీసులోనే ఒకాయన ఆదివారాలు గేర్ల సైకిల్ తొక్కుతాడు. హెల్మెట్, నల్ల కళ్లద్దాలు, ఒంటికి అంటుకున్న బనీను. ఫోటో పెడితే అందరూ చప్పట్లు కొడతారు. నాది ఆ జాతి కాదు. ప్యాంటు అంచు చైన్‌లో పడకుండా మా అమ్మ బట్టలారేసే క్లిప్పు పెట్టుకునేవాడిని. ఒకసారి హైవే మీద మా మేనేజర్ కారు పక్కనే వచ్చి ఆగింది. నేను దిగి, ముఖం కనపడకుండా వంగి, బాగానే ఉన్న చైన్‌ను సవరిస్తూ కూర్చున్నాను. కారు వెళ్లిపోయాక లేచేసరికి చేతులు నిజంగానే నల్లగా అయ్యాయి. అబద్ధానికి కూడా గ్రీజు అంటుతుందని ఆ రోజే తెలిసింది.

అందుకని వెనక గేటు నాకు వరం. అది మా పక్క బిల్డింగుది. అక్కడ రేకుల షెడ్డు కింద ఊడ్చేవాళ్లవీ, క్యాంటీన్ వాళ్లవీ, తోట పనివాళ్లవీ సైకిళ్లు ఉంటాయి. షెడ్డు పక్కన కుళాయి. నేను సైకిల్ పెట్టి, ముఖం కడుక్కుని, చెమట చొక్కా విప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక స్కూటర్ అద్దంలో తల దువ్వుకుని నడుచుకుంటూ మా బిల్డింగులోకి పోయేవాడిని. మెడలో వేసుకునే కార్డు మాత్రం మూల తిరిగాకే బ్యాగులోంచి తీసేవాడిని. లోపలి వాళ్లకు నా సైకిల్ తెలియకూడదు, షెడ్డులో వాళ్లకు నా కార్డు కనపడకూడదు. షెడ్డులో వాళ్లకు ఎందుకు కనపడకూడదో ఇప్పుడు ఎంత ఆలోచించినా సరైన కారణం దొరకడం లేదు. ఇలాంటి కొక్కెం సైకిల్ తొక్కుతూ మెడలో ఆ కార్డేమిటని నవ్వుతారనుకున్నానేమో. ఒకే మనిషి రెండు వైపులా సిగ్గుపడటానికి చాలా శ్రమ పడాలి. నేను పడ్డాను.

వెనక గేటు దగ్గర కాపలా ఉండేది కాకా. నాకు చుట్టం కాదు, అక్కడ అందరికీ కాకానే. అరవైకి దగ్గర్లో ఉంటాడు. కేసముద్రం మార్కెట్‌లో ఏళ్ల తరబడి బస్తాలు మోసి, మోకాలు అరిగాక కూతురి ఇంటికి కాజీపేట వచ్చేసి, ఈ నీలం చొక్కా తొడుక్కున్నాడు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పన్నెండు గంటల డ్యూటీ. గేటు దగ్గర కూర్చోకూడదని రూలు. కుర్చీ వేస్తే గార్డు నిద్రపోతాడని పై వాళ్ల నమ్మకం. అందుకని కాకా బరువంతా మంచి కాలు మీద వేసి, రెండో కాలు గోడకు ఆనించి, కొంగలా నిలబడేవాడు.

నేను చొక్కా మార్చుకోవడం రెండు వారాలు గమనించాడు. మూడో వారం దగ్గరికి వచ్చాడు.

"రోజు గిట్ల తయారై ఎటు పోతానవ్ బిడ్డా?"

"గా బిల్డింగులకు కాకా."

"నౌకరి కోసమా?"

నేను నవ్వాను. ఆ నవ్వును ఆయన అవును అనుకున్నాడు.

"ఒకటే కంపెనీనా, రోజుకొకటా?"

"ఒకటే కంపెనీ."

"రోజు రమ్మంటాండ్రా?"

"రోజు రమ్మంటాండ్రు కాకా."

"పొద్దంత కూసోబెడ్తాండ్రా?"

"పొద్దంత కూసోబెడ్తాండ్రు."

"ఆఖరికి ఏమంటాండ్రు?"

"రేపు మళ్ల రా అంటాండ్రు."

కాకా ముఖం ఎర్రబడింది. "థూ, వీళ్ల కడుపులు మాడ! చదువుకున్న పోరన్ని గిట్ల తిప్పుతరా?"

నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇలాంటి చోట నాకు ఒక రోగం ఉంది: మంచి జోకు దొరికితే పాడుచేయబుద్ధి కాదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో మా టీము వాళ్లకు ఈ కథ చెప్పి, కాకా గొంతు కూడా అనుకరించి నవ్వించాను. సైకిల్ సంగతి మాత్రం ఎత్తలేదు. నడుస్తూ పోతుంటే అడిగాడని చెప్పాను.

రేపు చెప్పలేదు. ఎందుకంటే రేపు పొద్దున కాజీపేట బ్రిడ్జి దిగగానే కాకా సైకిల్ ఆపుకుని నా కోసం నిలబడి ఉన్నాడు.

"నా ఎనకనే రా" అన్నాడు. "గాలికి నేను అడ్డం ఉంట. ఇంటర్వ్యూకు పోయెటోడు చెమట కంపు కొట్టద్దు."

ఇది తొక్కేవాళ్లకే తెలుస్తుంది. వానాకాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది, మేము పోయేదీ పడమటికే. మబ్బు పట్టిన రోజు మడికొండ చేరేలోపు ఆ గాలి మనిషిని గల్లా పట్టుకుని వెనక్కి నెడుతుంది. ముందు ఒకరు తొక్కుతుంటే వెనకవాడికి సగం బరువు తగ్గిపోతుంది. అరిగిన మోకాలున్న మనిషి ముందు, పాతికేళ్లు దాటిన నేను వెనక. ఆయన పెడల్ తొక్కినప్పుడల్లా మోకాలు టక్కుమనేది. ఆ టక్కు వింటూ, చెమట పట్టకుండా, హాయిగా పోయేవాడిని. మొదటి రోజు "నేను ముందట పోత కాకా" అన్నాను. "నోరు మూసుకోని తొక్కు. లోపల ఇంగ్లీషుల ఏం చెప్పాల్నో సదువుకో" అన్నాడు. మూసుకున్నాను. ఆ తర్వాత అడగలేదు.

ఆరు వారాలు ఇలా గడిచాయి.

ఈలోపు షెడ్డంతా నా ఉద్యోగాన్ని మీద వేసుకుంది. ఊడ్చే అక్క ఒకామె ఉండేది, మాటకు మాట అప్పజెప్పే మనిషి. నేను సాయంత్రం సైకిల్ తీయడానికి రాగానే చీపురు భుజానికెత్తి, "ఏమన్నరు తమ్మీ? ఇయ్యాల గూడ సోఫానే అరగదీసి వచ్చినవా?" అనేది. క్యాంటీన్ తాత ముఖం పెట్టే తీరు మార్చమన్నాడు: "నువ్వు నవ్వుడు తక్వ చేయాలె కొడుకా. నౌకరి అడిగెటోడు జర గరీబు తీర్గ ఉండాలె." కాకా తన టిఫిన్‌లోంచి ఒక జొన్నరొట్టె, కొంచెం టమాటా తొక్కు నాకు పెట్టేవాడు. ఒకరోజు లోపల మా టీములో ఒకరి పుట్టినరోజు కేకు తిని వచ్చి, ఆ రొట్టె కూడా తిన్నాను. ఆకలేసి కాదు, వద్దంటే ఎందుకని అడుగుతాడని.

ఇంత జరుగుతున్నా నాకు సిగ్గు వేయలేదు. భయం వేసేది, దొరికిపోతానని. ఆ రెండిటికీ తేడా ఉందని అప్పుడు తెలియదు.

ఒక శుక్రవారం సాయంత్రం అక్క నన్ను కుళాయి దగ్గరికి పిలిచింది. ఈసారి చీపురు కింద పెట్టింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"తమ్మీ, సోమారం సంది నీకు నౌకరి. ఎవరికి చెప్పకు, కాకా నోటితోని ఇంటే బాగుంటది."

"ఏం నౌకరి అక్కా?"

ఆమె చెప్పింది. నేను వెళ్లే బిల్డింగులోనే కింద రిసెప్షన్ పక్కన ఒక గార్డు డెస్కు ఉంది. రిజిస్టర్, బల్ల, కుర్చీ. కుర్చీ అంటే చక్రాలున్న, వెనక్కి వాలే కుర్చీ. అక్కడుండే గార్డు పని మానేసి ఊరికి పోతున్నాడు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఆ చోటు కాకాకు ఇస్తానన్నాడు. రెండేళ్ల నుంచి కాకా అడుగుతున్నది అదొక్కటే, మోకాలు చూపించి మరీ. తీరా అది చేతికి వచ్చిన రోజు కాకా ఏమన్నాడంటే, "నాకు వద్దు సార్. ఒక పోరడున్నడు, మస్తు చదువుకున్నడు, రోజు తిప్పుకుంటాండ్రు. ఆనికియ్యుండ్రి. లోపట కూసుంటె పెద్దసార్లు చూస్తరు, ఎప్పుడన్న పైకి తీసుకపోతరు."

"మరి కాకా?" అన్నాను.

"ఇగ కాకా గేటు కాడనే. ఇంకో కుర్చీ ఎప్పుడు ఖాళీ ఐతదో ఎవలకెరుక?"

నా జీవితంలో ఎవరూ నా కోసం ఏమీ వదులుకోలేదు అని చెప్పుకునేంత దీనమైన బతుకు కాదు నాది. కానీ ఒక మనిషి తన మోకాలును నా పేర రాసిచ్చాడు, అదీ నేను రోజూ ఏసీలో కూర్చుని వచ్చే బిల్డింగులో. ఆ డెస్కు దగ్గర సోమవారం కూర్చుంటే నా కార్డు నేనే చూసి, నన్ను నేనే లోపలికి పంపుకోవాలి.

నిజం చెప్పడానికి కాకా దగ్గరికి వెళ్లాను. ఒట్టు. గేటు దాకా వెళ్లేలోపు వాక్యం కూడా తయారు చేసుకున్నాను. ఆయన కొంగలా నిలబడి, నన్ను చూసి, నోట్లో రహస్యం పెట్టుకున్న పిల్లాడిలా నవ్వు ఆపుకుంటున్నాడు. నా నోటి వెంట వచ్చింది వేరు.

"కాకా! నాకు నౌకరి అచ్చింది!"

"ఆఁ?"

"కంపెనీల. ఇయ్యాలనే చెప్పిండ్రు. సోమారం సంది రమ్మన్నరు."

కాకా నన్ను గట్టిగా పట్టుకున్నాడు. మోకాలు మరిచిపోయి రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. "నే చెప్పలే? నే చెప్పలే?" అని అక్కను, క్యాంటీన్ తాతను, దారిన పోయే ఒక డెలివరీ అతన్ని కూడా అడిగాడు. తర్వాత సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి కుర్చీ సంగతి చెప్పాడు. అది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఆయనకే దక్కింది.

ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది. అబద్ధంతో అబద్ధాన్ని తీసేశాను, కాకాకు కుర్చీ వచ్చింది, ఎవరికీ నష్టం లేదు. ఇంత తెలివి నాకు పరీక్షల్లో ఎప్పుడూ పనిచేయలేదు.

సోమవారం పొద్దున కాకా బ్రిడ్జి దగ్గర ఒక స్టీలు డబ్బాతో నిలబడి ఉన్నాడు. నా ఉద్యోగం కోసం వాళ్లింటామె పోచమ్మకు మొక్కుకుందట. ఆదివారం వాళ్ల ఊరికి పోయి మొక్కు తీర్చి వచ్చారు. డబ్బాలో ఉన్నది అమ్మవారికి కోసిన కోడి కూర. "నీ పేరు మీద కోసింది, నువ్వు తినాలె" అన్నాడు. మధ్యాహ్నం తిన్నాను. మూడేళ్ల కిందటే వచ్చిన ఉద్యోగం కోసం ఒక కోడి ప్రాణం పోయింది. కూర చాలా బాగుంది. బాగుండకపోతే ఈ కథ చెప్పడం నాకు కొంచెం సులువయ్యేది.

కాకా లోపల డెస్కులో కూర్చున్నాడు. మొదటి రోజు చక్రాల కుర్చీని నమ్మక బల్ల అంచు పట్టుకునే కూర్చున్నాడు. నేను మెడలో కార్డుతో వచ్చినప్పుడు లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. "కూసో కాకా, కూసో" అన్నాను, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూస్తూ. "కొత్త కదా, అందరితోని మంచిగుండు" అని చెవిలో చెప్పాడు.

నేను మరిచిపోయింది ఆ డెస్కు ఎదురుగా గోడ మీద ఉన్న టీవీని. పెద్ద టీవీ. పుట్టినరోజులు, అవార్డులు, ఎవరికి ఎన్నేళ్లు నిండాయన్నది, రోజంతా తిరుగుతూ ఉంటాయి. మేమెవ్వరం చూడం. పన్నెండు గంటలు దాని ఎదురుగా కూర్చునే మనిషికి మాత్రం వేరే చూడటానికి ఏముంది?

గురువారం పొద్దున లోపలికి అడుగు పెట్టగానే కాకా చెయ్యి ఊపి పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇటు రా బిడ్డా, ఇటు రా. నీ ఫోటో ఏసిండ్రు!"

గోడ మీద నేను. మూడేళ్ల కింద చేరిన రోజు తీసిన ఫోటో, పెద్ద కాలరుతో. చుట్టూ బెలూన్లు. పక్కన ఇంగ్లీషులో ఏదో రాసి, మధ్యలో గుమ్మడికాయంత మూడు అంకె. కాకాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు.

"సోమారం, మంగళారం, బుధారం" అని వేళ్లు మడిచాడు. "మూడు దినాలకే ఫోటో ఏసిండ్రంటె నువ్వు ఎంత మంచిగ పని చేస్తానవో!"

నేను ఏమీ చేయనక్కర్లేదు. తల ఊపితే చాలు. ఆయనే కథ అల్లి, ముడి వేసి, నా చేతిలో పెట్టాడు. ఆరు వారాలుగా నేను చేసిందీ అదే, ఆయన ఇచ్చినదానికి తల ఊపడం. అప్పుడు ఆయన మళ్లీ టీవీ వైపు చూడటానికి కుర్చీని తిప్పుకున్నాడు, ఒక్క కాలితో నేలను తన్ని, చిన్నపిల్లాడిలా. మోకాలు టక్కుమంది.

"మూడు దినాలు కాదు కాకా. మూడేండ్లు."

"ఏంది?"

"నేను ఈడ మూడేండ్ల సంది చేస్తాన. నువ్వు అడిగిననాడు గూడ చేస్తాన. చెప్పలే."

జోకు కోసం అని చెప్పబోయాను. ఆ మాట గొంతు దాకా వచ్చి, నోటి రుచి చూసి, వెనక్కి పోయింది.

కాకా కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది, ఆఫీసు ముందు పరువు పోయిందని ఆయన మీద కోపం తెచ్చుకునేవాడిని. టీవీలో నా ఫోటో పోయి ఎవరిదో పుట్టినరోజు వచ్చేదాకా దానికేసే చూశాడు.

"మోకాలు నొప్పి లేసినా ముందటనే తొక్కితి గదరా" అన్నాడు.

కుర్చీని బల్ల వైపు తిప్పుకుని, "మనుషుల సంగతి ఇడిసిపెట్టు. నాతోని పోచమ్మ తల్లికి అబద్ధం చెప్పిస్తివి" అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డులో అక్క నన్ను చూసి చీపురు ఆపింది. వార్త నాకన్నా ముందే చేరింది. "కోడి బాగుండెనా తమ్మీ?" అంది. అంతే.

కాకా ఇంటికి వెళ్లి, మొక్కుకున్న ఆయన భార్య కాళ్ల మీద పడి క్షమాపణ అడుగుదామా అని ఆలోచించాను. సినిమా సీన్లా ఉంటుందని నాకే నవ్వొచ్చింది. అయినా వెళ్లాను, ఆదివారం, ఒక డజను అరటిపళ్లతో. కాకా భార్య తలుపు తీసి, విని, పళ్లు తీసుకుంది. "మొక్కు తీర్చినంక వాపస్ ఉండది కొడుకా. ఉన్న నౌకరి ఊడకుండ చూడుమని మొక్కిన అనుకుంట" అంది. కాకా లోపలి గదిలో ఉన్నాడు. బయటకు రాలేదు. దగ్గు మాత్రం వినిపించింది.

ఇప్పుడు పొద్దున బ్రిడ్జి దగ్గర నా కోసం ఎవరూ ఆగరు. కాకా నాకంటే ముందు కనిపిస్తే నేను వేగంగా తొక్కి ఆయనను దాటి, సరిగ్గా ఆయన ముందుకు వస్తాను, గాలికి అడ్డంగా. ఆయన సైకిల్‌ను రెండు మూరలు పక్కకు జరుపుకుంటాడు. నేనూ జరుగుతాను. ఆయన మళ్లీ జరుగుతాడు. అలా జరిగి జరిగి ఒకరోజు ఇద్దరం రోడ్డు దిగి మట్టిలో తొక్కాం. గాలికి ఎదురుగా, ఎవరి గాలి వాళ్లకు.

లోపల మాత్రం ఆయన పని ఆయన చేస్తాడు. మా ఆఫీసులో కార్డు ఉన్నవాళ్లు రిజిస్టర్‌లో రాయనక్కర్లేదు. అది బయటివాళ్లకు. కాకా రిజిస్టర్ నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి పెడతాడు. నా వెనక మా టీము వాళ్లు నిలబడతారు. ఇదేంటని మొదట అడిగారు. నా సైకిల్ సంగతితో సహా అంతా చెప్పాను. మొదట్లో నవ్వారు, రొట్టె దాకా వచ్చేసరికి ఆపేశారు.

పేరు రాస్తాను. టైము రాస్తాను. 'వచ్చిన పని' అనే గడిలో 'ఉద్యోగం' అని రాస్తాను. కాకా కళ్లద్దాలు సవరించుకుని చూస్తాడు.

"ఎన్నొద్దుల సంది?"

"మూడేండ్ల సంది."

"రాయి."

ఆ గడి చిన్నది. ఏ రోజూ పట్టదు, పక్క గడిలోకి పోతుంది. వంగి రాస్తుంటే కాకా కుర్చీ చక్రం కొంచెం కిర్రుమంటుంది, ఆయన మోకాలి చప్పుడు మాత్రం ఈ మధ్య వినపడటం లేదు.